ఎక్కిన గేరులోనే దిగాలి



మన బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాలలో నేల బల్లపరుపుగా ఉంటుంది. మనకు తెలిసిన ఎత్తులు రెండే: ఒకటి కాలువ గట్టు, రెండోది వంతెన. పులిగడ్డ - పెనుమూడి వారధి ఎక్కి దిగితే అదే మనకు కొండ. అందుచేత ఘాట్ రోడ్డు అంటే మన వాళ్లకు కొత్త. అటువంటి ఘాట్ రోడ్డు ఒకటి మన విశ్వాసి ఒకరికి నేర్పిన పాఠాన్ని ఈ వారం మీతో పంచుకుంటాను.

దివిసీమలోని ఒక విచారణలో విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకరున్నారు. పేరు రాయవద్దన్నారు గనుక మాస్టారు అనే అందాం. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేకపోతున్నారని అమెరికాలో ఉన్న కుమారుడు ఆయనకు ఆటోమేటిక్ కారు కొనిపెట్టాడు. క్లచ్ పెడలే లేని బండి అది. లివరు 'డి'లో పెట్టి యాక్సిలరేటరు నొక్కితే చాలు, గేర్లు వాటంతట అవే మారతాయి. ఆ 'డి' పక్కనే 'ఎం' అనే అక్షరం, ప్లస్, మైనస్ గుర్తులు ఉన్నాయి. అవేమిటో అమ్మిన కుర్రవాడు చెప్పబోతే, "దానితో మనకేం పని బాబూ" అన్నారట మాస్టారు. మూడేళ్లపాటు నిజంగానే పని పడలేదు.

క్రిస్మస్ సెలవులకు మనవలు వచ్చారు. అందరూ కలిసి అరకు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు దిగుతున్నారు. మలుపు మీద మలుపు. బండి 'డి'లోనే ఉంది, మాస్టారి కాలు బ్రేకు మీదే ఉంది. కొంతసేపటికి కారులో కాలిన వాసన వచ్చింది. బ్రేకు పెడలు మునుపటికంటే లోపలికి దిగుతోంది. వెనుక సీటులో పిల్లలు పాటలు పాడుకుంటున్నారు. మాస్టారికి మాత్రం చెమటలు పట్టాయి. దేవుని దయవల్ల ఒక వెడల్పైన చోటు దొరికి బండి ఆపగలిగారు.

అక్కడ నిలబడి ఉన్న జీపు డ్రైవరు ఒకడు దగ్గరకు వచ్చి, చక్రాల దగ్గర పొగ చూసి అన్నాడు: "ఏటి బాబూ, బ్రేకు మీదే దిగిపోతన్నారా? ఎక్కిన గేరులోనే దిగాల." చక్రాలమీద నీళ్లు పోయబోతే వద్దని వారించాడు. అరగంట చల్లారనిచ్చాక లివరును 'ఎం' వైపు నెట్టించి, రెండో గేరులో ఉంచించి పంపాడు. బండి దానంతట అదే పట్టి ఉంచినట్టు నెమ్మదిగా దిగింది. ఇక బ్రేకు అవసరం మలుపుల దగ్గర మాత్రమే వచ్చింది.

ఇందులోని కిటుకు మన పిల్లలు సైన్సు పాఠంలో చదువుకునేదే. బ్రేకు వేసినప్పుడల్లా బండి వేగం వేడిగా మారుతుంది. ఆగకుండా వేస్తూ ఉంటే బ్రేకు ప్యాడ్లు పట్టు కోల్పోతాయి, బ్రేకు ఆయిలు మరిగి బుడగలు కడుతుంది, పెడలు మెత్తబడుతుంది. చిన్న గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలేస్తే ఇంజనే చక్రాలను వెనక్కి పట్టి ఉంచుతుంది. మరి ఆటోమేటిక్ ఆ పని తానే ఎందుకు చేయదు? దానికి తెలిసినవి బండి వేగం, కాలి ఒత్తిడి మాత్రమే. పల్లంలో కాలు తీసేయగానే, "బండి తేలికగా పోతోంది కదా" అనుకొని చాలా బళ్లలో అది పెద్ద గేరుకు మారిపోతుంది. పెట్రోలు ఆదా చేయడం దాని స్వభావం. ఎదుటి మలుపు దానికి కనిపించదు, కూర్చున్నవాడికి కనిపిస్తుంది. వాలును కనిపెట్టే ఏర్పాటు కొన్ని బళ్లలో ఉన్నా, ముందు చూపు మనిషిదే. అందుకే ఆ 'ఎం'ను పెట్టారు.

ప్రియ సహోదరులారా, ఇంటికి వచ్చాక మాస్టారికి నిద్ర పట్టలేదు. జీపు డ్రైవరు మాట చెవిలో మోగుతూనే ఉంది. నా దగ్గరకు వచ్చి చెప్పుకున్నారు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఆయన పదిహేడేళ్లవాడు. తల్లిదండ్రులు కొట్టుకుపోయారు. అన్నయ్య, ఆయన మిగిలారు. ఒకే దుప్పటి కప్పుకున్నారు, ఒకే గిన్నెలో గంజి తాగారు. అన్నయ్య కూలికి వెళ్లి తమ్ముణ్ణి టీచరు ట్రైనింగు చదివించాడు. రాత్రిళ్లు ఇద్దరూ మోకాళ్లూని జపమాల చెప్పుకునేవారు. అది ఎక్కుడు దారి. చిన్న గేరులో, ఒక్కో అడుగూ కష్టంగా ఎక్కారు.

తరువాత రోజులు మారాయి. పొలాలు రొయ్యల చెరువులయ్యాయి, చేతిలో డబ్బు ఆడింది. అన్నయ్య కుటుంబం గుడివాడలో ఇల్లు కట్టుకుంది. రెండు చెరువుల మధ్య గట్టు దగ్గర నాలుగు అడుగుల తేడా వచ్చింది. మాటా మాటా పెరిగి కోర్టుకెక్కారు. తొమ్మిదేళ్లుగా అన్నదమ్ములకు మాటలు లేవు. "ఫాదర్ గారూ, ఈ తొమ్మిదేళ్లలో ఒక్క ఆదివారం పూజ మానలేదండి. పరలోక జపంలో మా అప్పులవారిని క్షమించామని ప్రతివారం నా నోరు చెప్పింది. నేను మాత్రం చెప్పలేదండి. అంతా 'డి'లో నడిచిపోయింది" అన్నారు మాస్టారు.

ఆలోచించండి. మనం పడిపోయేది ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? కష్టంలో ఉన్నవాడు దేవుణ్ణి పట్టుకొనే ఉంటాడు. సుఖంలోనే కాలు జారుతుంది. ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయంలో మోషే ప్రజలను హెచ్చరించింది దీని గురించే: కడుపునిండా తిని, మంచి ఇళ్లు కట్టుకొని, మందలు పెరిగినప్పుడు దేవుణ్ణి మరచిపోతారేమో, జాగ్రత్త అన్నాడు. సౌలు తరుముతుండగా గుహల్లో దాక్కున్న దావీదు చేతికి చిక్కిన శత్రువును కూడా చంపక విడిచిపెట్టాడు. అదే దావీదు సైన్యాన్ని యుద్ధానికి పంపి, తాను మేడమీద తీరికగా తిరుగుతున్న సాయంత్రం పాపంలో పడ్డాడు. ఎక్కిన గేరును దిగేటప్పుడు వదిలేశాడు.

అలవాటు చెడ్డదని దీని భావం కాదు. 1992లో వెలువడిన సత్యోపదేశం మేలు చేసే స్థిరమైన అలవాటునే సుగుణమని చెబుతుంది. సాయంకాల ప్రార్థన, భోజనం ముందు సిలువ గురుతు, ఆదివారపు దివ్యబలిపూజ - ఇవి మనల్ని రోజూ మోసుకుపోయే మంచి బండి. అలసిన తల్లి నిద్రకళ్లతో చెప్పిన మంగళవార్త జపాన్ని దేవుడు తోసివేయడు. బల్లపరుపు దారిలో 'డి' చాలు. కాని ముందు పల్లం కనిపించినప్పుడు చేయి చాచి లివరు మార్చవలసింది మనమే. ఆ చేతికే మనస్సాక్షి అని పేరు. మనుష్యునిలో దేవుని స్వరం వినిపించే అంతరంగిక ఆలయం అదేనని రెండవ వాటికన్ మహాసభ 1965లో బోధించింది.

ఎప్పుడు మార్చాలి? పల్లం మొదలు కాకముందే. వేగం అందుకున్నాక చిన్న గేరుకు తేబోతే చాలా బళ్లు ఒప్పుకోవు. ఇంజను పాడవుతుందని గేరుపెట్టే నిరాకరిస్తుంది. గెత్సెమనే తోటలో ప్రభువు శిష్యులను మేలుకొని ప్రార్థించమన్నది శోధన రాకముందే. పేతురు ఆ గంట నిద్రపోయాడు. తీరా ప్రధానార్చకుని ముంగిట్లో దాసి అడిగేసరికి, అప్పటికే బండి వేగంలో ఉంది. కనుక పంపకాల మాటలకు కూర్చోబోయే ముందు, కోపం వచ్చే ఇంటి గడప తొక్కబోయే ముందు, చేతిలో పెద్ద మొత్తం పడిన రోజున ఒక్క నిమిషం ఆగండి. రాత్రి పడుకోబోయే ముందు ఆత్మశోధన చేసుకోండి: ఈ రోజు నా నోరు చెప్పిన మాటల్లో నేను చెప్పినవి ఎన్ని?

ఇంకొక్క సంగతి. 'ఎం'లో పెట్టినంత మాత్రాన డ్రైవరు ఒంటరివాడు కాడు. బండి మరీ నెమ్మదిస్తే గేరుపెట్టె తానే కింది గేరుకు దింపుతుంది, ఇంజను ఆగిపోనివ్వదు. దేవవరప్రసాదం కూడా అటువంటిదే. అది మన స్వేచ్ఛను లాగేసుకోదు, మన చేతగానితనానికి మనల్ని వదిలేయదు కూడా.

మాస్టారు మరుసటి శనివారం గుడివాడ వెళ్లారు. బలిపీఠం ఎదుట కానుక విడిచిపెట్టి ముందు సోదరునితో సమాధానపడమన్న ప్రభువు మాట ఆయనకు గుర్తుంది. అన్నయ్య కుర్చీలోంచి లేవలేదు. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. వదిన మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. లేచి వస్తుంటే మాత్రం అన్నయ్య, "కారు నువ్వే నడుపుకొచ్చావా? మోకాళ్లు ఎలా ఉన్నాయిరా?" అని అడిగాడట. గట్టు తగాదా ఇంకా తేలలేదు. మాస్టారు మళ్లీ వెళ్తానన్నారు.

మీ ఇంట్లో ఎవరితో మాటలు ఆగిపోయాయి? రేపు ఆదివారం పరలోక జపం మీ పెదవులమీదికి వచ్చినప్పుడు, ఆ క్షమించే మాట దగ్గర ఒక్కసారి మీ చేయి చాచండి. గుణదల మరియమాత మన అందరికోసం ప్రార్థించును గాక. ఆమెన్.