గుహలోని లింగము - భక్తుని చేయి

రాజమహేంద్రవరము, కాకినాడ, భీమవరము మొదలగు పట్టణములనుండి సెలవులలో కార్లలోను బస్సులలోను అరకులోయకు బయలుదేరు కుటుంబములు త్రోవలో బొర్రా గుహలను దర్శించుట వాడుక. అనంతగిరి కొండలలో, సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల ఎత్తున నున్న ఈ గుహలు 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోనివి. లోపల సహజముగా ఏర్పడిన శిలారూపమొకటి శివలింగముగా పూజలందుకొనుచున్నది. మేతకు వచ్చిన ఆవు పైనున్న రంధ్రమునుండి గుహలో పడగా, దానిని వెదకుచు దిగిన కాపరికి ఈ లింగము కనబడెనని అచ్చటి జనశ్రుతి.

ద్రాక్షారామ, కుమారారామ, సోమారామ, క్షీరారామముల నీడలో పెరిగిన గోదావరివాసి గుహలోని శిలలను చూడగానే భక్తితో చేయి చాచుట సహజమే. ఆ చేయి పూజ చేయుచున్నదా, అపచారము చేయుచున్నదా? లింగధారులు ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

ఆ శిలల పుట్టుక ఎట్టిది? వాననీరు గాలినుండియు నేలనుండియు బొగ్గుపులుసు వాయువును గ్రహించి, స్వల్పముగా ఆమ్లగుణము పొంది, సున్నపురాతిని కరగించుకొనుచు క్రిందికి దిగును. గుహలోని గాలి సోకగానే ఆ వాయువు విడిపోవును; నీటిలోని సున్నము పైకప్పునను నేలపైనను పేరుకొనును. ఇట్లేర్పడు శిల సాధారణముగా ఏటికి మిల్లీమీటరులో కొద్దిభాగము మాత్రమే పెరుగును. మనుష్యుని నిండు జీవితకాలములో అది వ్రేలి వెడల్పైనను పెరుగుట అరుదు. చేతి చెమట, జిడ్డు అంటినచోట క్రొత్త సున్నము సరిగా పట్టదు. రాతి రంగు మాయును. విరిగిన తునక మరల అతుకదు. గోదావరి లంకలలో ఒక వరద కోసిన నేలకు మరియొక వరద ఒండ్రు పోయవచ్చును. గుహలోని శిలకు అట్టి వరద లేదు.

"ఒక్కరు తాకిన నేమగును?" అనువారు కలరు. ప్రతి యాత్రికుడును ఆ ఒక్కడు తానే అనుకొనును. బొట్టుబొట్టుగా పెరిగినది ఒక్కొక్క తాకుడుతో చెడును.

"నీటికి మనసు లేదు, దానికి నష్టమేమి?" అని మరికొందరందురు. నష్టము నీటికి గాదు. రేపు అవే మెట్లు దిగు పసిబిడ్డలకును, ఆ రూపమును కొలుచు కొండవాసులకును. కాయకమును గౌరవింపుమని బసవేశ్వరుడు 12వ శతాబ్దమున బోధించెను. కూలివాడు కట్టిన గోడను పడగొట్టుట తప్పని యెరిగినవారు, వేలయేండ్లుగా నీటిబొట్టు చేసిన పనిని చెరుపుట తప్పు కాదని ఎట్లనగలరు?

"తాకనిదే తృప్తి కలుగదు" అనువారికి వీరశైవమే సమాధానము చెప్పుచున్నది. గురువు అనుగ్రహించిన ఇష్టలింగము భక్తుని దేహముపైననే యున్నది. దానిని కరస్థలమున నిలిపి అభిషేకించుటకును, స్పృశించుటకును అడ్డు లేదు. స్పర్శకు తన లింగము తనయొద్దనే యుండగా గుహలోని శిలను అరగదీయ పనిలేదు.

కావున మఠములవారు యాత్రలు ఏర్పాటు చేయునపుడును, తలిదండ్రులు బిడ్డలను తోడ్కొని పోవునపుడును గుహద్వారముననే ఈ సంగతి చెప్పవలెను. లోపల చేతులు జోడించి నమస్కరించిన చాలును. బసకు చేరిన పిదప ఇష్టలింగార్చన యథావిధిగా జరుపుకొనవచ్చును.