చేసిన చేయి, అందుకున్న చేయి: కొయ్య దిమ్మెల కానుకలో దానస్వరూపం

దానమంటే ఏమిటన్న ప్రశ్నకు మీమాంసాశాస్త్రం ఇచ్చిన జవాబు చూడడానికి చిన్నదే కాని, దాని లోతు చాలా ఎక్కువ. జైమిని సూత్రాల నాలుగవ అధ్యాయానికి భాష్యం రాస్తూ శబరస్వామి యాగాన్నీ, హోమాన్నీ, దానాన్నీ వేరుచేసి చూపాడు. మూడింటిలోనూ త్యాగం ఉంది, అంటే 'ఇది నాది కాదు' అని వస్తువును వదులుకోవడం ఉంది. అయితే దానంలో వదులుకోవడంతోనే పని ముగియదు, వదిలిన వస్తువు మరొకరిది కావాలి. తన హక్కు తొలగిపోవడాన్ని స్వస్వత్వనివృత్తి అనీ, ఎదుటివారికి హక్కు కలగడాన్ని పరస్వత్వాపాదనం అనీ శాస్త్రం పిలిచింది. గోవుకూ, పొలానికీ, బంగారానికీ ఈ నిర్వచనం చక్కగా అమరుతుంది, ఎందుకంటే ఇచ్చేవాడు వాటికి యజమాని మాత్రమే, వాటిని పుట్టించినవాడు కాడు. ఒక తాతో మేనమామో కొయ్యను స్వయంగా కోసి, నునుపుచేసి, రంగులు వేసి, పసిబిడ్డ ముందు కుప్పపోసే దిమ్మెల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు మొదలవుతుంది. ఇక్కడ ఇచ్చేవాడు ఆ వస్తువుకు యజమానీ అవుతాడు, కర్తా అవుతాడు. యాజమాన్యం చేతులు మారుతుంది. మరి కర్తృత్వం, అంటే 'ఇది నేను చేసినది' అన్న సంబంధం, ఇస్తే పోయేదేనా?

ఈ ప్రశ్నను నేలమీద నిలబెట్టి చూడడానికి జనగామ జిల్లాలోని రఘునాథపల్లి పరిసరాలు తగిన చోటు. ఇత్తడి రేకును మలిచి దేవతలకు తొడుగులూ ద్వారాలకు అలంకారాలూ చేసే పెంబర్తి, కులపురాణాల పటాలు రాసి ముఖాలూ బొమ్మలూ చేసే నకాశీల చేర్యాల, బసవపురాణ కర్త పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి, భాగవతాన్ని తెనిగించిన పోతన పేరుతో ముడిపడిన బమ్మెర, ఇవన్నీ ఆ చుట్టుపక్కలవే. వస్తువును చేయడం గురించీ, చేసినదాన్ని ఎవరికి అర్పించాలన్న దాని గురించీ ఇంత గట్టిగా ఆలోచించిన నేల మరొకటి వెతికినా సులభంగా దొరకదు. ఈ ఊళ్లలో కొయ్యపని వడ్లవారిది. నాగలికీ బండికీ దర్వాజకూ కోసిన కర్రలో మిగిలిన తుంటలు వారి కొట్టంలో ఎప్పుడూ ఉంటాయి, దిమ్మె పుట్టేది అక్కడే. దిమ్మె అంటే ఇక్కడ పసివాడి పిడికిట్లో ఇమిడే, పలకలు తేరిన చిన్న కొయ్యముక్క అని అర్థం. అది బొమ్మ కాదు, పిల్లవాడు తలచుకుంటే బొమ్మ కాగలిగిన వస్తువు.

దిమ్మె చేయడం తేలిక అనిపించవచ్చు గాని, అందులో దాచుకోవడానికి వీలున్న తప్పు ఒక్కటీ లేదు. పచ్చికర్ర ఆరేకొద్దీ వంగుతుంది, పగులుతుంది, కాబట్టి బాగా ఎండిన కర్రనే తీసుకోవాలి. ఒక దిమ్మె మీద మరొకటి నిలబడాలంటే పలకలన్నీ మూలమట్టానికి సరిపోవాలి. రందా పట్టిన తరువాత అంచుల పదును పోయేదాకా, వేలికి పేడు గుచ్చుకోదని నమ్మకం కలిగేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. కొండపల్లి బొమ్మకు వాడే తెల్లపొణికి చాలా తేలికైన కర్ర, చెక్కడానికి అనువైనది; ఏటికొప్పాకలో వాడే అంకుడు కర్ర మెత్తగా ఉండి తిప్పుడు పనికి లొంగుతుంది. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరిలో తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కను ఒత్తిపట్టి, రాపిడి వేడికి అది కరిగి కొయ్యకు అంటుకునేలా చేస్తారు. అక్కడి లక్కపిడతలతో, అంటే బుల్లి వంటపాత్రలతో, తెలుగు ఆడపిల్లలు తరతరాలుగా ఉత్తుత్తి సంసారాలు నడిపారు.

రంగు దగ్గర ఒక ధర్మసూక్ష్మం ఉంది. భగవద్గీత పదిహేడవ అధ్యాయం దానాన్ని మూడు తెగలుగా విభజించి, దేశమూ కాలమూ పాత్రమూ చూసి, తిరిగి ఉపకారం ఆశించకుండా ఇచ్చినది సాత్త్వికమని చెబుతుంది. పాత్రమంటే పుచ్చుకోవడానికి తగినవాడు. పసిబిడ్డ తిరిగి ఏమీ ఇవ్వలేడు, ఇవ్వాలన్న ఎరుక కూడా ఉండదు, కనుక పాత్రత్వం విషయంలో ఆ బిడ్డకు సాటి లేదు. పరీక్ష నిలబడేది దాతకే. పిల్లలు దేన్నయినా మొదట నోటితోనే తెలుసుకుంటారు. రంగుల్లో కలిసే సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది కాబట్టే, ఇళ్లకు వాడే రంగుల్లో అది పది లక్షల భాగాల్లో 90 భాగాలకు మించకూడదని భారత ప్రభుత్వం 2016లో నిబంధనలు చేసి, 2017 నవంబరు నుంచి అమలులోకి తెచ్చింది. ఏటికొప్పాకలో సి.వి. రాజు పసుపు, నీలి, జాఫ్రా వంటి చెట్టుచేమల రంగులను మళ్లీ వాడుకలోకి తేవడానికి ఏళ్ల తరబడి శ్రమించారు. ఆ శ్రమను కళాసేవగానే గుర్తుపెట్టుకుంటే సగమే గుర్తుపెట్టుకున్నట్టు, అది దానధర్మాన్ని కాపాడిన పని కూడా. విషమున్న రంగు పూసి ప్రేమగా ఇచ్చిన వస్తువులో ప్రేమ నిజమే కావచ్చు, అయినా దాన్ని దానమనడానికి నోరు రాదు.

బొమ్మకూ దిమ్మెకూ ఉన్న భేదాన్ని ఇప్పుడు చూడాలి, ఎందుకంటే అసలు సంగతి అక్కడే ఉంది. ఆగమశాస్త్రాల ప్రకారం దేవతామూర్తిని చెక్కిన శిల్పి చివరగా కళ్లు తెరుస్తాడు; దీన్ని నేత్రోన్మీలనం అంటారు. అది ముగిశాక శిల్పికి సంభావన ఇచ్చి సాగనంపి, ప్రాణప్రతిష్ఠను ఆచార్యుడు చేస్తాడు. నెలల తరబడి ఉలితో కొట్టిన రాతికి ఆ తరువాత శిల్పి అందరిలాగే చేతులు జోడించి మొక్కుతాడు. చేసినవాడికీ చేసినదానికీ ఉన్న ముడిని విప్పడానికి ఒక కర్మకాండే అవసరమయిందంటే, ఆ ముడి ఎంత గట్టిదో పెద్దలకు తెలుసునన్న మాట. చేర్యాల ముఖానికీ కొండపల్లి అంబారీ ఏనుగుకూ కూడా కళ్లుంటాయి. చెక్కపొడి, చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చి, తెల్లపూత మీద రంగులు వేసి, చివరికి కనుపాప దిద్దాక అది ఏనుగే, ఇంకొకటి కాదు; పిల్లవాడు దాన్ని గుర్రమనుకోవాలంటే చేసినవాడితో వాదానికి దిగాలి. దిమ్మెకు కళ్లు లేవు. ఎర్రదిమ్మె పొద్దున రైలు డబ్బా, మధ్యాహ్నం లడ్డు, సాయంత్రం సర్వాయి పాపన్న ఖిలాషాపూర్ కోటలో ఒక రాయి. బొమ్మను తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. బొమ్మను ఇచ్చినవాడు యాజమాన్యాన్ని వదులుకుని రూపాన్ని తనదిగా మిగుల్చుకుంటాడు, దిమ్మెలు ఇచ్చినవాడు ఆ రూపాన్ని కూడా వదులుకుంటాడు అనేదే ఇక్కడి ప్రతిపాదన.

తర్కశాస్త్రపు మాటల్లో పెడితే ఇది మరింత స్పష్టపడుతుంది. తెలుగువాడైన అన్నంభట్టు పదిహేడవ శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహం కారణాలను మూడుగా చెబుతుంది. కార్యం దేనిని అంటిపెట్టుకుని పుడుతుందో అది సమవాయికారణం, బట్టకు దారాల వంటిది; ఆ దారాల కూడిక అసమవాయికారణం; మగ్గమూ నేతగాడూ నిమిత్తకారణాలు. దిమ్మెకు కొయ్య సమవాయికారణం, చేసిన తాత నిమిత్తకారణం. అదే దిమ్మెలతో పిల్లవాడు గోపురం కట్టిన క్షణంలో లెక్క మారిపోతుంది: తాత చేతి ఫలం పిల్లవాడి పనికి ముడిసరుకు అవుతుంది, నిమిత్తకారణం స్థానంలో పిల్లవాడు కూర్చుంటాడు, తాత పేరు ఆ పట్టికలోనే ఉండదు. ఒకదానికొకటి తాకి నిలబడిన దిమ్మెల గోపురం నిజంగా ఒక కొత్త ద్రవ్యమా, లేక సైన్యంలా వనంలా ఉత్త గుంపేనా అని నైయాయికుడు అడగవచ్చు, ఆ అడగడమూ న్యాయమే. అయితే దాన్ని కట్టినవాడికి మాత్రం అది గోపురమే, కూలినప్పుడు ఏడ్చేదీ దానికోసమే.

ఇక స్వీకారం. దాత వదిలినంత మాత్రాన వస్తువు ఎదుటివాడిది అవుతుందా, వాడు పుచ్చుకుంటేనే అవుతుందా అన్న దానిపై ధర్మశాస్త్రకారుల మధ్య పెద్ద వివాదమే నడిచింది. యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు పుచ్చుకుంటేనే దానం పూర్తవుతుందన్నాడు. ఆ మితాక్షరనే పదమూడవ శతాబ్దంలో కేతన విజ్ఞానేశ్వరీయం పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు, తెలుగునాట చెల్లుబాటైన మతమూ అదే. నోములలో ముత్తయిదువలు 'ఇస్తినమ్మ వాయనం', 'పుచ్చుకుంటినమ్మ వాయనం' అని ఒకరికొకరు పలుకుకోవడంలో ఈ సిద్ధాంతం శాస్త్రం చదవని ఇళ్లలో కూడా బతికి ఉంది. వంగదేశపు జీమూతవాహనుడు దాయభాగంలో దీన్ని ఒప్పుకోలేదు. పుచ్చుకోవడం వల్లనే హక్కు పుడుతుందంటే ఆ హక్కును పుట్టించినవాడు పుచ్చుకున్నవాడే అవుతాడు కదా, అప్పుడు వాడినే దాత అనవలసి వస్తుంది కదా అని ఆక్షేపించాడు. ఆయన దాన్ని అసంబద్ధతగా ఎత్తిచూపాడు గాని, దిమ్మెల విషయంలో ఆ అసంబద్ధతే నిజమని ఒప్పుకోవడం మేలు. విజ్ఞానేశ్వరుడు స్వీకారం మనసుతో, మాటతో, శరీరంతో మూడు విధాలని చెప్పి, భూమిని చేతితో పట్టుకోవడం కుదరదు కనుక దాని ఫలాన్ని కొంతైనా అనుభవించడమే కాయిక స్వీకారమని వివరించాడు. మాటలు రాని బిడ్డ దిమ్మెను పుచ్చుకునే తీరు అచ్చం పొలాన్ని పుచ్చుకునే తీరే: ఆడాలి, విసరాలి, కొరకాలి, ఒకదానిమీద ఒకటి పెట్టి కూలగొట్టాలి. అంతవరకు ఆ కానుక ఇంకా తాత చేతిలోనే ఉన్నట్టు.

ఇందుకే అద్దాల బీరువాలో పేర్చిపెట్టిన దిమ్మెలను చూసి బాధపడక తప్పదు. ఆడితే రంగు పోతుందని, అంచు చెడుతుందని పిల్లవాడి చేతినుంచి తీసి పైన పెట్టినప్పుడు జరిగేది దత్తాపహారం, అంటే ఇచ్చినదాన్ని తిరిగి లాక్కోవడం. చట్టం దాన్ని పట్టించుకోదు, అయినా దాత మనసులో 'నా పనితనం' అన్న మాట గెలిచి 'వాడి ఆట' అన్న మాట ఓడిపోయింది.

పోతన తెనిగించిన భాగవతం ఎనిమిదవ స్కంధంలోని బలి ఇక్కడ తలపుకు రాక మానడు. మూడడుగుల నేల అడిగినవాడు పొట్టి వటువు, చూడడానికి పసివాడు. ఇవ్వవద్దని గురువైన శుక్రాచార్యుడు చెప్పినా, లక్ష్మీదేవిని లాలించిన చేయి కింద ఉండి తన చేయి పైన ఉండడం కంటే ఏం కావాలని బలి నీటిధార వదిలాడు. దానం నీళ్లు వదిలి చేస్తారు గనుకనే 'ధారపోయడం' అన్న మాట తెలుగులో రాజ్యానికీ, చెమటకూ, జీవితానికీ సమంగా చెల్లుతోంది. చేతితో చేసిన కానుకలో ధారపోసేది పనిచేసిన గంటలనే. ఆ కథలో మరొక విశేషం ఉంది. బలి మూడడుగులను తన కొలతతో కొలిచాడు, పుచ్చుకున్న పసివాడు ఆ కొలతను దాటి పెరిగాడు. దిమ్మెలు చేసిన తాత ఇల్లు కట్టుకుంటాడనుకుని ఇస్తే, మనుమడు వాటితో ఊరు కడతాడు, లేదా ఏమీ కట్టకుండా రంగుల వారీగా వరస పెడుతూ కూర్చుంటాడు. మూడో అడుగుకు బలి తన తలను ఒగ్గిన తీరులో ఒగ్గడం తాతకు వస్తుందా అన్నది అసలు పరీక్ష.

పిల్లల ఆటవస్తువులకు 'కానుకలు' అని ఏకంగా శాస్త్రనామం పెట్టినవాడు జర్మనీకి చెందిన ఫ్రీడ్రిచ్ ఫ్రోబెల్. 1837లో బాద్ బ్లాంకెన్‌బుర్గ్‌లో ఆయన మొదలుపెట్టిన సంస్థకే తరువాత కిండర్‌గార్టెన్ అన్న పేరు వచ్చింది. ఆయన మూడవ కానుక ఎనిమిది చిన్న ఘనాలుగా విడిపోయే ఒక కొయ్య ఘనం. ఆట ముగిశాక బిడ్డ వాటిని మళ్లీ ఒకే ఘనంగా కూర్చి పెట్టెలో పెట్టాలి. సమస్త సృష్టిలో భగవంతుడి ఏకత్వం నిండి ఉందని నమ్మిన ఫ్రోబెల్‌కు ఆ కూర్పు ఒక ఉపాసన వంటిది. ఆ భావం గొప్పదే, అయినా ముగింపు ఎలా ఉండాలో ముందే నిర్ణయించిన దాత కొంత రూపాన్ని తన దగ్గరే ఉంచుకున్నాడనిపిస్తుంది.

ఇచ్చినవాడు రూపాన్ని కూడా వదులుకోవాలన్న మాటకు ఒక బలమైన అభ్యంతరం ఉంది. చేసినవాడి జాడ పూర్తిగా చెరిగిపోవాలంటే కొట్లో కొన్నదానికీ చేతితో చేసినదానికీ తేడా ఏముంటుంది, తాత ఉలి గుర్తు మిగలడం వల్లనే కదా అది అపురూపమవుతుంది అని. దానికి జవాబు వీరశైవంలో దొరుకుతుంది. అక్కడ కాయకమంటే చేతిపనినే శివపూజగా చేయడం, దాసోహమంటే ఇచ్చేవాడు తనను సేవకుడిగా భావించుకుని ఇవ్వడం. చేతికి ఇంత గౌరవం ఇచ్చిన సంప్రదాయమే, ఇచ్చేటప్పుడు ఆ చేయి పైచేయి కాకూడదని పట్టుబట్టింది. జాడ ఉండవచ్చు, హక్కుగా ఉండకూడదు. బతుకమ్మ పండుగనాడు గునుగుపూలకు రంగులద్ది, తంగేడుతో వరసలు పేర్చి, గంటల తరబడి చేసిన అందాన్ని ఆ సాయంత్రమే చెరువులో విడిచే స్త్రీలకు ఈ సంగతి ఎవరూ బోధించనక్కరలేదు. సోమనాథుడు చెప్పిన గొడగూచి కథలో దేవుడు పాలు తాగడని తెలియని చిన్నపిల్ల పాలగిన్నె పట్టుకెళ్లింది. తెలియకపోవడమే ఆమె బలం, అందుకే దాన్ని ముగ్ధభక్తి అన్నారు. దిమ్మెను లడ్డుగా చేసి వచ్చిన చుట్టం నోటికి అందించే పసివాడిలోనూ ఆ ముగ్ధత్వమే ఉంది. ఆ చుట్టం తిన్నట్టు నటించి 'బాగుంది' అన్నప్పుడు, తాత చేసిన కొయ్యముక్క రెండోసారి దానమవుతుంది, ఈసారి దాత మనుమడు.

ఏళ్లు గడిచి రంగు అరిగిపోయాక, అటకమీది సంచిలోంచి ఆ దిమ్మెలను దించి, ఉప్పుకాగితం పట్టి, చెల్లెలి కోసం పసుపూ నీలీ కొత్తగా పూసే పదేళ్ల అక్క ఉంటుంది. పాతపూత కింద కొయ్య ఈనెలు తేలి, తాత గుండ్రం చేసిన అంచు ఆమె వేళ్లకు తగులుతుంది. తాను నునుపుచేస్తున్నది తాత అప్పుడే నునుపుచేసి వదిలిన చోటునే అని ఆమెకు తెలియదు.