భయానకంలో త్రాసకుడు ఎవరు? ‘ది ఫాంటసీ ఫ్యాన్’ కథల ఆధారంగా ఒక విచారణ

భయం లోకంలో దుఃఖహేతువు, కావ్యంలో ఆస్వాద్యం. ఈ వైరుధ్యానికి ఆలంకారికులు సమాధానం చెప్పారు. కాని ఆ భయానికి ఆలంబనగా ఒక జనవర్గాన్ని నిలిపినప్పుడు ఆస్వాదం నిర్దోషంగా ఉంటుందా అన్నది వేరే ప్రశ్న. దానిని పరీక్షించడానికి అమెరికాలో వెలువడిన ఒక చిన్న పత్రిక ఉపకరిస్తుంది.

‘ది ఫాంటసీ ఫ్యాన్’ 1933 సెప్టెంబరు నుంచి 1935 ఫిబ్రవరి వరకు 18 సంచికలుగా వెలువడింది. దానిని ప్రారంభించేనాటికి సంపాదకుడు చార్లెస్ డి. హార్నిగ్ వయస్సు 17 ఏళ్లు. రచయితలకు పారితోషికం లేదు. ‘వియర్డ్ టేల్స్’ వంటి వ్యాపారపత్రిక తిరస్కరించిన కథలకు ఇక్కడ చోటు దొరికేది. రాబర్ట్ ఇ. హోవార్డ్ ‘గాడ్స్ ఆఫ్ ది నార్త్’ (1934 మార్చి) అటువంటిదే. భీతిసాహిత్యంపై హెచ్.పి. లవ్‌క్రాఫ్ట్ రాసిన దీర్ఘవ్యాసపు సవరించిన పాఠం ఇందులోనే ధారావాహికంగా సాగి, పత్రిక ఆగిపోవడంతో అసంపూర్ణంగా మిగిలింది. అమ్మకాల ఒత్తిడి లేనిచోట భయం లౌకిక మాలిన్యం లేకుండా ఉంటుందని ఆశించవచ్చు. ఆ పత్రిక పుటలు ఆ ఆశను సగమే నిలబెడతాయి.

సాధారణీకరణాన్ని వివరించడానికి అభినవగుప్తుడు ఎంచుకున్న ఉదాహరణలలో ముఖ్యమైనది శాకుంతలంలో దుష్యంతుని రథానికి ముందు పరుగెత్తే జింక. శృంగారాన్ని కాక భయానకాన్ని తీసుకోవడం గమనార్హం. అక్కడ జింక ఫలానా జింక కాదు, త్రాసకుడు పారమార్థికుడు కాడు. అందువల్ల దేశకాలాలు అంటని భయం మాత్రమే ప్రతీతమవుతుంది. ‘నేను భీతుణ్ణి, ఇతడు శత్రువు’ అన్న లౌకిక జ్ఞానం అక్కడ ఉండదు. స్వగత, పరగత నియమంతో దేశకాల విశేషాలలో చిక్కుకోవడాన్ని ఆయన రసవిఘ్నాలలో ఒకటిగా లెక్కించాడు.

ఈ గీటురాయిపై ఆ పత్రికలో వచ్చిన రెండు లవ్‌క్రాఫ్ట్ కథలు వేర్వేరుగా తేలతాయి. ‘ఫ్రమ్ బియాండ్’ (1934 జూన్)లో ఒక యంత్రం నిద్రాణమైన ఇంద్రియాలను మేల్కొలుపుతుంది. మనిషి చుట్టూ ఎప్పుడూ ఉండి కనిపించని జీవాలు కనిపిస్తాయి. వాటికి కులం లేదు, ఊరు లేదు. ఇక్కడ త్రాసకుడు నిజంగానే అపారమార్థికుడు. (ఆ ఇంటి సేవకుల చావు కథలో ఒక చిన్న వివరంగా గడిచిపోవడం మాత్రం మరచిపోదగింది కాదు.)

అదే సంవత్సరం అక్టోబరులో పునర్ముద్రితమైన ‘బియాండ్ ది వాల్ ఆఫ్ స్లీప్’ స్థితి వేరు. క్యాట్స్‌కిల్ కొండల నిరుపేద, హంతకుడు, జో స్లేటర్ పిచ్చాసుపత్రిలో ఉంటాడు. అతని దేహంలో ఒక తేజోమయ సత్త్వం బందీ అయి ఉంటుంది. కథకుడు స్లేటర్‌ను, అతని జనాన్ని పతితులుగా వర్ణిస్తాడు. బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్న భరతుని మాట ఇక్కడ అన్వయిస్తుంది. అయితే ఆ బీభత్సానికి ఆధారం కల్పిత జీవి కాదు, పేరున్న కొండల్లో బతికే పేదలు. ఆ ఏవగింపు కథకునిదే, రచయితది కాదనే ఆక్షేపణ నిలవదు. చివర ఆ దివ్యసత్త్వం కూడా తనను మోయడానికి స్లేటర్ అనర్హుడనీ, అతడు చావడమే మేలనీ చెబుతుంది. కథలోని అత్యున్నత స్వరమే తిరస్కారాన్ని ధ్రువీకరించాక దానిని కథకుని లోపంగా కుదించడం కుదరదు. నైతికదోషం ఇక్కడ రసదోషం కూడా అవుతుంది.

ఇది పాశ్చాత్యుల లోపమని తృప్తిపడే వీలు లేదు. భరతుడే భయాన్ని స్త్రీ నీచ ప్రకృతులకు చెందిన భావమన్నాడు. ఉత్తములది గురువుల, రాజుల ఎదుట కనబరిచే కృతకభయం. ఒకచోట అల్పుడు భయపడేవాడు, మరొకచోట భయపెట్టేవాడు. రెండుచోట్లా అతడు సహృదయుని స్థానంలో లేడు. అభినవగుప్తుని విఘ్నచర్చ ప్రేక్షకునిలోని మమకారాన్ని, పరకీయబుద్ధిని పట్టుకుంది. కాని తానే విభావంగా మారిన మనిషి ఆ ప్రేక్షకులలో కూర్చుంటే ఏమవుతుందో అడగలేదు. క్యాట్స్‌కిల్ కొండవాసి ఒకడు 1934 అక్టోబరు సంచికను చదివి ఉంటే, అతనికి ప్రతీతమయ్యేది భయానకమా, అవమానమా?