యాత్రికుడెవరు? దేశదిమ్మరి ఎవరు?

శాంతిపురం నుంచి బయల్దేరితే ఒక్క పూటలో మూడు రాష్ట్రాల మట్టి తొక్కి రావచ్చు. ఒకవైపు కోలారు, ఇంకోవైపు కృష్ణగిరి, నడుమ మన కుప్పం. ఇక్కడి పిల్లలు తెలుగు, కన్నడ, తమిళం మూడూ వింటూ పెరుగుతారు. అలాంటి పిల్లల్లో ఒకమ్మాయి అడిగిన ప్రశ్నే మాచేత ఈ వ్యాసం రాయించింది.

ఆ రోజు మధ్యాహ్న భోజనం తర్వాత పిల్లలకు ఫోనులో ఒక వీడియో చూపించాం. భార్యాభర్తలు ఇద్దరు ఒక వ్యానునే ఇల్లు చేసుకున్నారు. అందులోనే మంచం, పొయ్యి, నీళ్ల ట్యాంకు. నెలల తరబడి నేపాల్, భూటాన్ వైపు తిరుగుతున్నారు. పిల్లలు కళ్లార్పకుండా చూశారు. అయిపోయాక ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, వీళ్లు ఇల్లిడిసి తిరిగితే అందరూ శానా బాగుంది అంటాండారు. మా అవ్వోళ్లు తిరిగితే మాత్రం దేశదిమ్మరోళ్లు అన్నారంట. ఎందుకు సార్?"

మాకు వెంటనే జవాబు తోచలేదు. రేపు చెబుతామన్నాం. ఆ రేపు రావడానికి చాలా రోజులు పట్టింది.

ముందుగా ఒక మాట. ఆ దంపతుల మీద మనకు కోపం ఉండకూడదు. పొరుగు దేశాన్ని చూడాలనుకోవడం మంచి కోరికే. పొరుగువాడి వంటింట్లో కూర్చుని అన్నం తిన్నవాడు వాడిని అంత తేలిగ్గా ద్వేషించలేడు. వాళ్లకూ కష్టాలుంటాయి. రాత్రి బండి ఎక్కడ ఆపాలి, నీళ్లు ఎక్కడ పట్టుకోవాలి అన్నది రోజూ ఉండే బెంగే. కాగితాల పని సరేసరి. నేపాల్ వెళ్లడానికి మనకు వీసా అక్కర్లేదు, కానీ బండికి సరిహద్దులో అనుమతి తీసుకోవాలి. ఇంకా చాలా దేశాలు దాటాలంటే బండికి కార్నెట్ అనే పత్రం ఉండాలి. బండిని అక్కడ అమ్ముకోకుండా తిరిగి తీసుకెళ్తారని పూచీ ఇచ్చే పత్రం అది. దాని సారం ఒక్కటే. ఈ బండికి తిరిగి వెళ్లే ఇల్లు ఉంది.

ఇక మన సంగతి. మేము ఎరుకల ఇంట్లో పుట్టినవాళ్లం. ఉప్పు ఎరుకల, కరివేపాకు ఎరుకల, దబ్బ ఎరుకల అని మనవాళ్లలో ఉన్న పేర్లే మన పనులు చెబుతాయి. ఉప్పు, ధాన్యం గాడిదల మీద, ఎద్దుల మీద వేసుకుని ఊరూరా చేరవేసింది మనవాళ్లు. ఆలుమగలు కలిసే నడిచేవారు. బేరం ఆయన చూస్తే, బుట్ట అల్లి, ఎరుక చెప్పి ఆమె నాలుగు గింజలు తెచ్చేది. మా తాత, మా అవ్వ అలా కోలారు వైపు పోయేవారు. ఆ రోజుల్లో కోలారు మైసూరు మహారాజు రాజ్యంలో ఉండేది, మన చిత్తూరు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. అంటే వాళ్లు వెళ్లింది పొరుగు దేశానికే.

రైళ్లు వచ్చాయి. ఉప్పు మీద బ్రిటిషు సర్కారు పెత్తనం బిగిసింది. మనవాళ్ల వ్యాపారం కూలింది. పని పోయినా కాళ్లు దారి మీదే ఉన్నాయి. పనిలేక తిరిగేవాడు దొంగ అయి ఉంటాడని దొరలు అనుకున్నారు. 1871లో ఉత్తరాదిన నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసుకూ వచ్చింది. పేర్లు రిజిస్టరుకెక్కించారు, వేలిముద్రలు తీసుకున్నారు. స్టువర్టుపురం, కప్పరాళ్ల తిప్ప, సిద్ధాపురం లాంటి సెటిల్‌మెంట్లలో ఉంచారు. అక్కడి నుంచి బయటికి పోవాలంటే పాసు ఉండాలి. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఊరి బయట గుడిసె వేసుకుంటే చాలు, తలారి వచ్చి తలలు లెక్కపెట్టి పోయేవాడని మా అవ్వ చెప్పేది.

వ్యానుకు కార్నెట్ ఉంది, మన తాతకు పాసు ఉంది. రెండూ కాగితాలే. ఒకటి గేటు తీస్తుంది, ఇంకొకటి మెడకు పలుపు వేస్తుంది. తేడా నడకలో లేదు. ఆ కాగితం రాసినవాడు ఎదుటి మనిషిని ఎలా చూశాడన్నదే తేడా.

వాళ్లు సరదాకు తిరుగుతారు, మీవాళ్లు పొట్టకూటికి తిరిగారు, రెండింటికీ పోలికేమిటని కొందరు అంటారు. పొట్టకూటికి పోయినవాడికి కళ్లుండవా? ఏ బావి నీళ్లు తియ్యగా ఉంటాయో, ఏ గుట్ట వెదురు తిన్నగా చీలుతుందో మా అవ్వకు తెలుసు. ఇంట్లో కుర్రు భాష మాట్లాడుతూనే మూడు భాషల్లో బేరమాడేది. అలాగని ఆ బతుకును పాటగా పాడుకోవద్దు. వానలో గుడారం కింద కాన్పులయ్యాయి, మందు అందక బిడ్డలు పోయారు. దాన్ని స్వేచ్ఛ అని అవ్వ ఏనాడూ అనలేదు.

ఇంకో తేడా ఉంది. 1830లో ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయల్దేరాడు. ఆయన రాసిన కాశీయాత్ర చరిత్రను నేటికీ చదువుతున్నాం. ఆయన పల్లకి మోసిన బోయీలూ ఆ దారుల్లోనే, భుజాన బరువుతో నడిచారు. వాళ్లు ఏం చూశారో వాళ్ల మాటల్లో మనకు దొరకదు. దారి గురించి రాసినవాడు యాత్రికుడయ్యాడు, రాయనివాళ్లు కూలీలుగా మిగిలిపోయారు.

ఇంతవరకూ తప్పంతా ఇతరులదే అన్నట్టు రాశాం. ఇప్పుడు మా తప్పు చెప్పాలి. ఒక ఏడాది సంక్రాంతి తర్వాత మా తరగతి పిల్లవాడొకడు అమ్మానాన్నలతో బెంగళూరు కట్టడం పనులకు వెళ్లిపోయాడు. కొన్నాళ్లు చూసి, హాజరుపట్టీలో అతని పేరు కొట్టేశాం. జూన్‌లో వచ్చి గుమ్మం దగ్గరే ఆగి, "సార్, నా పేరు ఉండాదా?" అని అడిగాడు. తలలు లెక్కపెట్టిన తలారి మాకు అప్పుడు గుర్తొచ్చాడు. రిజిస్టరు ఇప్పుడు మా చేతిలో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి మారే బిడ్డకు బదిలీ పత్రం వెంటనే ఇవ్వాలి. అది ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. ఈ సంగతి మాకు తెలుసు. తెలిసీ, ఆ బిడ్డ వెళ్లేముందు ఆ తల్లిదండ్రులకు చెప్పలేదు.

రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడికైనా వెళ్లే హక్కు, ఎక్కడైనా స్థిరపడే హక్కు ఇచ్చింది. కానీ హద్దు దాటితే మన పేరే మారిపోతుంది. ఇక్కడ ఎరుకల షెడ్యూల్డు తెగ. కర్ణాటకలో మన బంధువులైన కొరమ, కొరచలు షెడ్యూల్డు కులాల జాబితాలో ఉన్నారు. ఇక్కడి సర్టిఫికెట్ అక్కడ రిజర్వేషన్‌కు పనికిరాదు. వ్యాను ఆ చెక్‌పోస్టు దాటినా వ్యానుగానే ఉంటుంది.

అందుకే ఆ అమ్మాయికి చివరకు ఇలా చెప్పాం. "అమ్మా, తిరగడంలో తప్పూ లేదు, గొప్పా లేదు. తిరిగి వచ్చేసరికి నీ ఇల్లు, నీ పేరు నీకోసం ఉండాలి. అవి ఉన్నవాళ్లను లోకం యాత్రికులంటుంది. మనవాళ్లకు వాటిని లేకుండా చేసి దేశదిమ్మరులన్నారు."

తోటి ఉపాధ్యాయులకు మా మనవి ఒక్కటే. వలస పోయే బిడ్డ చేతికి బదిలీ పత్రం ఇచ్చి పంపుదాం. తిరిగొస్తే ఒక్క మాట అడగకుండా పేరు రాసుకుందాం. యువతకు చెప్పేదీ ఉంది. మీకు వ్యాను కొనే రోజు వస్తే హాయిగా తిరగండి. అంతకంటే ముందు మీ అవ్వ పక్కన కూర్చుని ఆమె నడిచిన దారి రాసుకోండి.

ఆ అమ్మాయి ఇప్పటికే మొదలుపెట్టింది. నోటుపుస్తకంలో కుప్పం, బంగారుపేట, కోలారు, ముళబాగిలు అని వరసగా రాసి తెచ్చింది. మిగతా ఊళ్ల పేర్లు అవ్వను అడిగి రాస్తానంది. గుమ్మంలో ఆగిన ఆ పిల్లవాడి పేరును కూడా పట్టీలో మళ్లీ రాశాం.