నిశ్చితార్థపు ఉంగరం – విశ్వాసి ముందుచూపు

సంబంధం ఖాయం కాగానే మన ఇళ్ళలో మొదట వచ్చే మాట ఉంగరం. ఎన్ని గ్రాములు పెట్టాలి? రాయి ఉన్నదా, లేనిదా? అమలాపురంలోనే తీసుకుందామా, రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళదామా, చించినాడ వంతెన దాటి పాలకొల్లులో చూద్దామా? ఈ ప్రశ్నలన్నీ ఇంటిల్లిపాదీ కూర్చొని చర్చిస్తారు. ఒక్క ప్రశ్న మాత్రం చాలా ఇళ్ళలో చివరిదాకా రాదు. ఈ సొమ్ము ఎవరి కష్టం? దీని భారం రేపు ఎవరు మోస్తారు? విశ్వాసి ముందుచూపు ఈ ప్రశ్నతోనే మొదలు కావాలి.

ముందుచూపు, తవక్కుల్

“అల్లాహ్ చూసుకుంటాడు, ముందు పని కానివ్వండి” అనే పెద్దలు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. ఆ మాట వినడానికి భక్తిగానే ఉంటుంది. కాని యూసుఫ్ (అలైహిస్సలాం) గాథ చదివినవారు అలా అనలేరు. రాబోయే ఏడేళ్ళ కరవు కోసం, పంట పండే ఏడేళ్ళలోనే ధాన్యాన్ని వెన్నులతో సహా నిలవచేయమని ఆయన సలహా ఇచ్చారు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత దైవాన్ని నమ్ముకోవాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. కాబట్టి లెక్క వేసుకోవడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే. అయితే రేపటి పని గురించి మాట్లాడేటప్పుడు ‘ఇన్షా అల్లాహ్’ అనాలని సూరా కహఫ్ నేర్పుతుంది. అంటే రేపు మన చేతిలో లేదని గుర్తుంచుకొని లెక్క వేసుకోవాలి.

ఈ మాట కోనసీమవాసులకు వేరే చెప్పనక్కరలేదు. 1996 నవంబరు 6 తుపాను రాత్రి కొబ్బరితోటలు నేలకూలాయి. కొత్త మొక్క నాటి కాయ చూడాలంటే ఏళ్ళు పడుతుంది. 1990 ఆగస్టులో కువైట్‌పై ఇరాక్ దాడి చేసినప్పుడు లక్షకు పైగా భారతీయులు ఉన్నపళంగా స్వదేశానికి తిరిగి రావలసి వచ్చింది. రాజోలు, అమలాపురం, కొత్తపేట ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్ళి ఇంటిపనుల్లో చెమటోడ్చే మహిళలు ఎందరో ఉన్నారు. వచ్చే నెల గల్ఫ్ నుంచి డబ్బు వస్తుందనీ, వచ్చే దింపుకు కొబ్బరి ధర పెరుగుతుందనీ నమ్మి ఈ రోజు నగ కొనడం, మన చేతిలో లేని రేపటిని ఖర్చు పెట్టడమే.

“ఒక్క ఉంగరమే కదా”

“జీవితంలో ఒక్కసారి వచ్చే సంబరం, ఒక్క ఉంగరానికి ఇంత ఆలోచనా?” అని కొందరు అంటారు. ఈ అభ్యంతరాన్ని తేలికగా తీసివేయకూడదు. స్త్రీకి బంగారు ఆభరణాన్ని ఇస్లాం నిషేధించలేదు. ఆడపిల్ల ముఖంలో సంతోషం చూడాలనుకోవడం తప్పు కాదు. దుబారా చేయక, పిసినారితనమూ చూపక మధ్యేమార్గంలో నడిచేవారే కరుణామయుని దాసులని సూరా ఫుర్ఖాన్ చెబుతుంది. స్తోమత ఉండి కూడా కోడలికి ఇవ్వడానికి చేయి రానివారికీ ఇందులో హెచ్చరిక ఉంది.

కాని స్తోమత అంటే ఏమిటి? 2025 ఏప్రిల్‌లో పది గ్రాముల మేలిమి బంగారం ధర లక్ష రూపాయలు దాటింది. నాలుగు గ్రాముల ఉంగరం కూడా ఒక కూలి కుటుంబానికి కొన్ని నెలల సంపాదన. చెల్లెలి చదువు ఆపి, తల్లి మందులు వాయిదా వేసి, పరాయి దేశంలో ఆపా పంపిన సొమ్మంతా వెచ్చించి కొన్న ఉంగరం స్తోమత అనిపించుకోదు. అది ఒకరి హక్కును మరొకరి వేలికి తొడగడం అవుతుంది. పెళ్ళి చేసుకోదలచిన ఒక పేద సహాబీని కనీసం ఇనుప ఉంగరమైనా వెతికి తెమ్మన్నారు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం). అదీ దొరకలేదు. చివరకు ఆయనకు వచ్చిన ఖుర్ఆన్ సూరాల మీదనే ఆ వివాహం జరిగింది. ఈ ఉదంతం బుఖారీలో ఉంది. ఆ ఇంటి గౌరవం ఉంగరం బరువుతో తూగలేదు.

అప్పు, మార్పిడి

ఇంట్లో ఉన్న గాజులు వడ్డీకి తాకట్టు పెట్టి కొత్త ఉంగరం కొనేవారున్నారు. నికాహ్ అనే సున్నత్‌కు వడ్డీతో పునాది వేయడం ఎంత విచారకరం! పాత బంగారం ఇచ్చి కొత్తది తీసుకునేటప్పుడూ జాగ్రత్త అవసరం. బంగారానికి బంగారం మార్చుకుంటే తూకం సమానంగా ఉండాలి, అక్కడికక్కడే ఇచ్చిపుచ్చుకోవాలి. నాసిరకం ఖర్జూరాలు రెట్టింపు ఇచ్చి మేలురకం తెచ్చిన బిలాల్ (రజి)ను దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించి, ముందు వాటిని అమ్మి ఆ సొమ్ముతో ఇవి కొనమన్నారు. అలాగే పాత నగను అమ్మి, డబ్బు చేతికి తీసుకొని, ఆపైన కొత్తది కొనాలి. ఇక వాయిదాల మీద బంగారం కొనడం, దుకాణాల నెలసరి పథకాల విషయం. నగదుకు కూడా చేతికి చేయి నియమం వర్తిస్తుందని ఎక్కువమంది ధర్మవేత్తల అభిప్రాయం, కొందరు హనఫీ ఆలిములు వేరుగా చూస్తారు. మీ ఆలిమ్‌ను అడిగి తెలుసుకోండి. ఏ సందేహమూ లేని దారి ఒకటుంది. నెలనెలా ఇంట్లోనే కొంత దాచి, పూర్తి సొమ్ముతో వెళ్ళి కొనుక్కోవడం.

కానుకా, మహరా?

ఉంగరం తొడిగే ముందే తేల్చుకోవలసిన మాట ఇది. మంగ్నీ ఒక వాగ్దానం మాత్రమే, నికాహ్ కాదు. అందుకే అబ్బాయి స్వయంగా తొడగకుండా అతని తల్లో, అక్కో తొడగడం పద్ధతి. ఆ ఉంగరాన్ని మహర్‌లో జమ కడతారా, విడిగా కానుకగా ఇస్తున్నారా? ఇది చెప్పకపోతే, నికాహ్ రోజున ఇరువైపులా చెరొక లెక్క చెబుతారు. ఒకవేళ సంబంధం తప్పిపోతే, మహర్ కింద పంపినది తిరిగి ఇచ్చేయాలనీ, కానుక అయితే అది అలాగే మిగిలి ఉన్నప్పుడు వెనక్కి కోరవచ్చుననీ హనఫీ ధర్మశాస్త్రం చెబుతుంది. శుభకార్యంలో ఈ మాట ఎత్తడం అపశకునమని సంకోచించకండి. అప్పు వ్యవహారాలు రాసుకోమని సూరా బఖరాలో ఆదేశించిన ధర్మం మనది. స్పష్టత వల్ల ప్రేమ తగ్గదు, తగాదాలు తగ్గుతాయి.

అబ్బాయి వేలికి

అమ్మాయివారి చేత వరుడికి బంగారు ఉంగరం పెట్టించుకునే ఆచారం మనలో పాతుకుపోయింది. ఇందులో రెండు తప్పులున్నాయి. పురుషునికి బంగారం నిషిద్ధం. ఒక సహాబీ వేలికి ఉన్న బంగారు ఉంగరాన్ని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) స్వయంగా తీసి పారవేశారు. ఆ తర్వాత తీసుకొని వేరే విధంగా వాడుకోమని ఇతరులు చెప్పినా ఆయన దాన్ని ముట్టుకోలేదు. రెండవది, అడిగి పుచ్చుకున్న ఉంగరం వరకట్నమే. 1961 నాటి చట్టం కూడా దాన్ని నేరమంటోంది. పురుషునికి వెండి ఉంగరం చాలు. హనఫీ మతం ప్రకారం అది ఒక మిస్ఖాల్, అంటే సుమారు 4.37 గ్రాములకు మించకూడదు.

దుకాణంలో

హలాల్ సొమ్మును మోసపోకుండా కాపాడుకోవడమూ బాధ్యతే. 22 క్యారెట్లయితే 916, 18 క్యారెట్లయితే 750 అని ముద్ర ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగలపై ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య కూడా ఉండాలి. రాయి బరువును బంగారం లెక్కలో కలపకుండా చూడండి. తరుగు, మజూరీ ముందే అడగండి. రసీదు తప్పక తీసుకోండి. తిరిగి అమ్మేటప్పుడు రాయికీ మజూరీకీ పెట్టిన సొమ్ము చాలావరకు రాదని గుర్తుంచుకుంటే, సాదా ఉంగరమే మేలని మీకే తోస్తుంది.

సోదర సోదరీమణులారా! మంగ్నీ సాయంత్రం ఉంగరాన్ని చూసేవారు ఒక పూట చూస్తారు. దాని వెనుక ఉన్న సంపాదన గురించి మాత్రం ప్రళయదినాన మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది. ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అని. ఆ జవాబును ముందుగా సిద్ధం చేసుకోవడమే అసలైన ముందుచూపు. అల్లాహ్ మన పిల్లల కాపురాలను హలాల్ సంపాదనతో, శుభాలతో నింపుగాక! ఆమీన్.