జడుడెవ్వడు?

ఆత్మ సర్వజీవులయందును సమముగ వెలుగుచున్నదని వేదాంతము చెప్పుచున్నది. ఈ మాటను పలుకుట సులభము. పేరుపెట్టి పిలిచినను తిరిగి చూడని బిడ్డయెదుట దానిని నమ్మి నడచుకొనుట కష్టము. మన వేదాంతమునకు పరీక్ష అచ్చటనే.

భాగవతమునందలి జడభరతుని కథ మనమెరిగినదే. పల్లకి కుదుపులకు కోపించి రహూగణుడు ఆతనిని పరిహసించెను. కాలిక్రింద ప్రాణులు నలుగకుండ చూచి అడుగిడుచున్నాడని రాజు గ్రహింపలేదు. జడభరతుడు తెలిసియే మౌనము వహించిన జ్ఞాని. ఇప్పుడు చెప్పబోవు బిడ్డల మౌనము అట్టిది కాదు. కాని కారణము విచారింపకయే జడుడని నిర్ణయించుట లోకమున నేటికిని జరుగుచున్నది.

ఆటిజం మెదడు ఎదుగుదలకు సంబంధించిన భేదము. 1943లో లియో కానర్ అను వైద్యుడు 11 మంది పిల్లలను పరిశీలించి దీనిని వర్ణించెను. తల్లి ప్రేమ చాలకపోవుటయే కారణమని పిమ్మట కొందరు పండితులు చెప్పిరి. ఆ మాట తప్పని తేలినది. పూర్వజన్మపాపమని తల్లిని నిందించుటయు ధర్మము కాదు. కర్మసిద్ధాంతము మన కర్తవ్యమును తెలుపుటకేగాని, ఒరులను దూషించుటకు కాదు.

గోదావరీతీరమున, పూర్వపు బస్తరుసీమలో, 2007లో ఏర్పడిన బీజాపూర్ జిల్లాయందున్న తర్లగూడను తలచుకొనుడు. ఇంట తెలుగో కోయయో విని పెరిగిన బిడ్డకు బడిలో పాఠము హిందీలో వినవచ్చును. ఆ బిడ్డ మాటాడకున్నచో కారణమేమి? భాష తెలియకపోవుటయా? చెవి వినబడకపోవుటయా? ఆటిజమా?

భాషయే అడ్డమైన బిడ్డ ఇంటికి రాగానే గలగల మాటాడును. బడిలోనైనను చూపుతో, సైగతో కోరిక తెలుపును. ఆటిజం గల బిడ్డకు అమ్మభాషలోను చిక్కు కనబడును. ఏడాది నిండినను పేరు పిలిచిన పలుకకుండుట, ఏడాదిన్నరకును వ్రేలితో చూపకుండుట, ఒకే చేష్టను మరల మరల చేయుట, చిన్న మార్పునకే కలతచెందుట గమనింపదగిన గురుతులు. ఒక్క గురుతుతోనే తీర్పు చెప్పరాదు. ముందు వినికిడి పరీక్ష చేయించి, ఆలసింపక వైద్యునికి చూపవలెను. బిడ్డ ఇంటిభాషలో ఎట్లు మెలగునో తల్లి వైద్యునకు చెప్పవలెను. బుద్ధివికాసమున వెనుకబడినవారికై 1984లో సికింద్రాబాదున నెలకొల్పిన జాతీయసంస్థ కలదు. 2016 నాటి చట్టము ఆటిజమును గుర్తించినది. 40 శాతమునకు తగ్గని వైకల్యము ధ్రువపడిన బిడ్డకు 6 నుండి 18 ఏండ్లవరకు ఉచితవిద్య హక్కు.

అడ్డంకి తెలిసినచో దానిని తొలగించు మార్గమును దొరకును. బడిగంటకు చెవులు మూసుకొను బిడ్డను గంటకు దూరముగ కూర్చుండబెట్టుడు. దినమున ఏది ముందో ఏది వెనుకో బొమ్మలు గీసి గోడకంటించుడు. చిన్నమాటలో ఒక్క పని చెప్పి, బదులునకు వేచియుండుడు. ఇప్పపూలు వరుసపేర్చుటయే బిడ్డకు ఇష్టమా? ఆ పూలతోనే లెక్క నేర్పుడు. నోట మాట రానిచో బొమ్మను చూపి అడుగుట నేర్పుడు, అదియు భాషయే.

ఈ సాధన ఒకనాటిది కాదు. నేడు నేర్చినది రేపు మరచినట్లు తోచవచ్చును. విసుగక మరల నేర్పవలెను. ఫలమునకై తొందరపడక కర్మ చేయుమని గీత బోధించినది ఇట్టి పనికే. ఆ బిడ్డయెదుట ఓరిమితో కూర్చుండు గంటయు పూజాసమయమే.