ఉప్పు తిన్న ఇల్లు వదలవచ్చా?

గుంటూరులోని ఒక హోల్‌సేల్ గోడౌను నుంచి చుట్టుపక్కల పల్లెల కిరాణా కొట్లకు సరకు చేరవేసే డెలివరీ లారీ డ్రైవరు సోదరుడు ఒకరు ఇటీవల ఒక ప్రశ్న అడిగారు. ఆయన ఆరేళ్ళుగా ఒకే ఓనరు దగ్గర పనిచేస్తున్నారు. ఇప్పుడు వేరొక పార్సిల్ సర్వీసు వారు నెలకు మూడు వేలు ఎక్కువ ఇస్తామంటున్నారు. అక్కడ రాత్రి డ్యూటీ కూడా లేదు. సంగతి తెలిసిన ఓనరు, "ఆరేళ్ళు నా ఉప్పు తిని ఇప్పుడు ఇంకొకడి గడప తొక్కుతావా? నమాజు చేసేవాడివి కదా, ఇది నమక్‌హరామీ అవునో కాదో నువ్వే చెప్పు" అన్నాడట. ఆ మాట ఈ సోదరుని మనసులో ముల్లులా దిగబడింది. "మౌలానా, నేను వెళ్ళిపోతే అల్లాహ్ సన్నిధిలో దోషినవుతానా?" అన్నది ఆయన ప్రశ్న.

ఇది ఒక్కరి ప్రశ్న కాదు. మన ఇళ్ళలో స్టీరింగు మీద ఆధారపడి బతికేవి ఎన్నో ఉన్నాయి. ఒకప్పుడు లారీ ఎక్కినవాడు ఆ ఓనరు దగ్గరే తల నెరిసేదాకా ఉండేవాడు. ఇప్పుడు ఇంటింటికీ సరకు చేర్చే వ్యాపారం పెరిగింది, చిన్న వ్యాన్లు పెరిగాయి. 7500 కిలోల లోపు బరువుండే సరకు వాహనాన్ని మామూలు ఎల్.ఎం.వి. లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టు 2024 నవంబరులో స్పష్టం చేసింది. పని మారే దారులు తెరుచుకున్నకొద్దీ ఈ ప్రశ్న మరింత మంది ముందుకు వస్తుంది.

ముందుగా ఆ 'ఉప్పు' సంగతి చూద్దాం. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చివేయాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఆదేశించారని ఇబ్నె మాజా హదీసు గ్రంథంలో ఉంది. ఈ ఆదేశం కూలిని దేనితో ముడిపెట్టిందో గమనించండి. యజమాని దయతో కాదు, పనివాని చెమటతో. తన చేతి కష్టంతో తిన్న అన్నం కంటే మేలైన అన్నం ఎవరూ తినలేదని, దైవప్రవక్త దావూద్ (అ) కూడా అలాగే తినేవారని బుఖారీ ఉల్లేఖనం. కాబట్టి ఆరేళ్ళు ఈ డ్రైవరు తిన్నది ఓనరు ఉప్పు కాదు, తన చెమట. ఫిఖ్హ్ గ్రంథాల్లో కూలి ఒప్పందాల అధ్యాయం, అంటే ఇజారా అధ్యాయం తెరిస్తే అక్కడి చర్చ పని, గడువు, కూలి అనే మూడింటి చుట్టూ తిరుగుతుంది. 'నమక్‌హరామీ' మన వాడుకలోని మాటే తప్ప షరీఅత్ తీర్పు కాదు.

అయితే బిడ్డకు జబ్బు చేసినప్పుడు ఆ ఓనరే అర్ధరాత్రి బండి పంపి ఉండవచ్చు, పెళ్ళికి సాయం చేసి ఉండవచ్చు. అది జీతం కాదు, ఉపకారం. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని హదీసు. ఆ ఉపకారానికి బదులు మంచి మాట ఉంది, దుఆ ఉంది, ఆయనకు కష్టం వచ్చినప్పుడు ముందు నిలబడటం ఉంది. కానీ ఒకనాటి సాయానికి జీవితాంతం చాకిరీ బదులు ఇవ్వాలని ఏ ధర్మపండితుడూ చెప్పలేదు.

ఈ విషయంలో మనకు అన్నిటికంటే పెద్ద ఉదాహరణ దివ్యఖుర్ఆన్‌లోనే ఉంది. హజ్రత్ మూసా (అ) ఈజిప్టు వదిలి మద్‌యన్ చేరినప్పుడు ఆయనకు ఒక నౌకరీ దొరికింది. బలమూ నమ్మకమూ ఉన్నవాడే పనికి పెట్టుకోదగినవాడని ఆ వృద్ధుని కూతురు తండ్రికి చెప్పిన సంగతి సూరయె ఖసస్‌లో ఉంది. ఒప్పందం ఎనిమిదేళ్ళకు. పది పూర్తి చేస్తే అది నీ ఇష్టం, నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని ఆ వృద్ధుడు ముందే చెప్పారు. రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా తన మీద ఒత్తిడి ఉండకూడదని మూసా (అ) కూడా ముందే చెప్పారు. యజమాని గడువు చెప్పాడు, పనివాడు తన హక్కు చెప్పాడు, ఇద్దరూ అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. మన గోడౌనుల్లో ఈ మూడూ జరగవు. "రేపు వచ్చి తాళంచెవి తీసుకో" అనడంతోనే ఒప్పందం అయిపోతుంది!

మూసా (అ) ఎనిమిదేళ్ళు చేశారా, పదేళ్ళు చేశారా? హీరా పట్టణానికి చెందిన ఒక యూదుడు ఈ ప్రశ్న వేయగా హజ్రత్ సయీద్ బిన్ జుబైర్ (రహ్మ) వెళ్ళి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి)ను అడిగారు. రెండింటిలో ఎక్కువదే, మేలైనదే పూర్తి చేశారని ఆయన జవాబిచ్చారు. ఇది బుఖారీలో ఉంది. ఆ తర్వాత మూసా (అ) భార్యాబిడ్డలతో బయలుదేరి వెళ్ళిపోయారు. ఎవరూ ఆయనను ఆపలేదు, నిందించలేదు. ఎనిమిదేళ్ళకు వెళ్ళినా అన్యాయం అయ్యేది కాదు. పదేళ్ళు ఉండటం ఆయన ఔదార్యం. ఔదార్యాన్ని కోరుకోవచ్చు గానీ, దాన్ని బాకీలా వసూలు చేయటానికి వీల్లేదు.

మరి గడువే చెప్పుకోకుండా నెల జీతానికి కుదిరినవాని సంగతేమిటి? మేము మదర్సాలో చదివిన ఖుదూరీ, హిదాయాల్లో ఇంటి అద్దె గురించి ఒక మస్అలా ఉంది. 'నెలకు ఇంత' అని మాత్రమే చెప్పుకుంటే ఆ ఒప్పందం ఒక నెలకే ఖాయమవుతుంది. నెల నిండగానే ఇద్దరిలో ఎవరైనా దాన్ని ముగించవచ్చు. రెండో నెలలోకి అడుగుపెట్టి కొనసాగితే ఆ నెల కూడా ఖాయమవుతుంది. నెల జీతపు డ్రైవరుకూ ఇదే వర్తిస్తుంది. నెల పూర్తయ్యాక వెళ్ళటం అతని హక్కు. అంతే కాదు, నెల మధ్యలో కారణం చెప్పకుండా డ్రైవరును తీసివేసే హక్కు ఓనరుకూ లేదు. 'నెల ముందు చెప్పాలి' అని మొదట్లోనే మాట అనుకుని ఉంటే ఆ షరతు నిలబడుతుంది. ముస్లిములు తమ షరతులకు కట్టుబడి ఉంటారని హదీసు.

నిజమైన ఇబ్బంది వస్తే నెల మధ్యలోనైనా ఒప్పందం తెగుతుందని హనఫీ పండితులు అంటారు. దీనికి హిదాయాలో చక్కని ఉదాహరణ ఉంది. పంటినొప్పితో ఒకడు పన్ను పీకమని ఒక కమ్మరిని కుదుర్చుకున్నాడు. ఈలోగా నొప్పి తగ్గిపోయింది. ఇప్పుడు ఒప్పందం కోసమని మంచి పన్ను పీకించుకోవాలా? అదే గ్రంథంలో కిరాయికి పశువుల మీద బరువులు మోసే ముకారీ ప్రస్తావన కూడా ఉంది. అతడు మన లారీ ట్రాన్స్‌పోర్టు వారి తాతముత్తాత అనుకోండి. ప్రయాణానికి ఒప్పుకున్నాక 'నాకు వెళ్ళబుద్ధి కావటం లేదు' అంటే అది సాకుగా చెల్లదట. తాను ఇంట్లో కూర్చుని, పశువుల వెంట మనిషిని పంపే వీలు అతనికి ఉంది కదా! ఆ మాట పశువుల యజమానికి చెప్పిందే అయినా, దాని వెనుక ఉన్న న్యాయం డ్రైవరుకూ తెలియాలి. లోడు ఎక్కించిన బండిని నడిదారిలో వదిలి, ఫోను ఆపేసి, కొత్త ఓనరు దగ్గరకు వెళ్ళటం నౌకరీ మారటం కాదు. అది ఖియానత్.

ఎక్కువ జీతం కోరటం సంతృప్తి లేకపోవటమేనని కొందరు భక్తిపరులైన సోదరులు అంటూ ఉంటారు. హజ్రత్ అయ్యూబ్ (అ) స్నానం చేస్తూ ఉండగా బంగారు మిడతలు రాలాయట, ఆయన వాటిని బట్టలో ఏరుకోసాగారట. నిన్ను నేను సంపన్నుణ్ణి చేయలేదా అని అల్లాహ్ అడిగితే, చేశావు ప్రభూ, కానీ నీ శుభం అక్కర్లేనివాణ్ణి కాను అన్నారని బుఖారీ ఉల్లేఖనం. ఓర్పుకు మారుపేరైన అయ్యూబే (అ) అలా అన్నప్పుడు మూడు వేలు ఎక్కువ వస్తే ఏరుకోవటంలో తప్పేముంది?

దీనికి ఇంకొక వైపు కూడా ఉంది. నాఫె అనే వ్యక్తి ఎప్పుడూ సిరియా, ఈజిప్టులకు సరకు పంపేవారు. ఒకసారి మార్గం మార్చి ఇరాక్‌కు పంపబోయి హజ్రత్ ఆయిషా (రజి)కు చెబితే ఆమె వద్దన్నారు. ఒక మార్గాన ఉపాధి దొరుకుతూ ఉంటే, అది చెడేదాకా దాన్ని వదలవద్దన్న ప్రవక్త (స) మాటను వినిపించారు. ఇబ్నె మాజాలోని ఈ ఉల్లేఖన పరంపర బలహీనమైనది కనుక దీని మీద తీర్పు నిలబెట్టలేం. అయినా అయిదు వందలు ఎక్కువ అనగానే రెండు నెలలకొక బండి మార్చే కుర్రవాళ్ళు దీన్ని ఒక పెద్దమ్మ సలహాగా వింటే నష్టం లేదు. ఇస్తిఖారా చేసుకోండి, భార్యతో సంప్రదించండి. కానీ 'అడ్వాన్సు తిరిగి ఇవ్వాలా వద్దా' అని ఇస్తిఖారా చేయకండి!

రాత్రి డ్యూటీ విషయంలో నా అభిప్రాయం కాస్త గట్టిది. నీ దేహానికి నీపై హక్కు ఉంది, నీ కంటికి హక్కు ఉంది, నీ భార్యకు హక్కు ఉంది అని దైవప్రవక్త (స) హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కు బోధించారు. అది రాత్రంతా నమాజు చేసే వ్యక్తికి చెప్పిన మాట. ఇబాదత్ కోసమే కంటి హక్కు చంపకూడదంటే, సబ్బుల పెట్టెల కోసం చంపవచ్చా? మోటారు రవాణా కార్మికుల కోసం 1961లో చేసిన చట్టం కూడా రోజుకు ఎనిమిది గంటలే మామూలు పని అని పరిమితి పెట్టింది. నిద్ర లేని డ్రైవరు తనకొక్కడికే ప్రమాదం కాదు, ఎదురుగా వచ్చే స్కూలు ఆటోకూ ప్రమాదమే. కన్ను మూతపడే పనిని వదిలి వచ్చిన భర్తను 'ఉన్న పని పోగొట్టుకున్నావు' అని దెప్పవద్దని ఆ ఇంటి సోదరీమణులకు నా మనవి.

ఇక అడ్వాన్సు. అసలు పీటముడి ఇక్కడే పడుతుంది. ఈ సోదరుడు కూతురి కాలేజీ ఫీజుకు తీసుకున్న ఇరవై వేలు ఇంకా తీరలేదు. ఆ డబ్బు అప్పే. మూడు దీనార్ల అప్పు మిగిల్చి చనిపోయిన వ్యక్తి జనాజా నమాజు చేయించటానికి దైవప్రవక్త (స) ముందుకు రాలేదు. ఆ అప్పు నాది అని హజ్రత్ అబూ ఖతాదా (రజి) పూచీపడ్డాకే చేయించారు. కాబట్టి వెళ్ళిపోయాక 'వాడికేం తక్కువ' అనుకోవటం కుదరదు. వాయిదాలు రాసుకుని, ఇద్దరు సాక్షులను పెట్టుకుని తీర్చాలి. అప్పు రాసుకోవాలన్నది సూరయె బఖరాలోని స్పష్టమైన ఆదేశం. అయితే అప్పు డబ్బు మీద ఉంటుంది, మనిషి మీద కాదు. బాకీ తీరేదాకా నా బండే నడపాలని లైసెన్సు లాగి పెట్టుకునే ఓనరు చేస్తున్నది అప్పు వసూలు కాదు, వెట్టి. మన దేశంలో 1976 చట్టం వెట్టిచాకిరీని నిషేధించింది. ప్రళయదినాన తాను స్వయంగా ప్రతివాదిగా నిలబడే ముగ్గురిలో, పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగవేసినవాడు ఒకడని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీ హదీసు. ఆఖరి నెల జీతం ఆపి 'అడ్వాన్సులో జమ కట్టుకున్నాను' అని లెక్క చూపని ఓనర్లు ఆ హెచ్చరికను రెండుసార్లు చదవాలి.

ఓనరు జీతం ఆపాడు, నా చేతిలో కొట్ల కలెక్షన్ ఉంది, అందులోంచి పట్టుకోవచ్చా అని మరొకరు అడిగారు. ఇందులో ధర్మపండితుల మధ్య భేదం ఉంది. అబూ సుఫ్యాన్ (రజి) ఇంటి ఖర్చుకు సరిపోయేంత ఇవ్వటం లేదని హింద్ (రజి) చెప్పుకుంటే, న్యాయంగా చాలినంత తీసుకోమని దైవప్రవక్త (స) అనుమతించారు. దీని ఆధారంగా తన హక్కు మేరకు తీసుకోవచ్చన్న వారున్నారు. నిన్ను నమ్మినవాని అమానతు అప్పగించు, నీకు ద్రోహం చేసినవానికి నీవు ద్రోహం చేయకు అన్న హదీసును పట్టుకుని వద్దన్న వారున్నారు. నేను రెండో వైపే మొగ్గుతాను. ఎందుకంటే బత్తా ఎంత, చలానా ఎవరి ఖాతా, డీజిల్ తేడా ఎంత అన్నది డ్రైవరు మనసులో ఒక లెక్క, ఓనరు పుస్తకంలో ఇంకొక లెక్క. కోపంలో కట్టిన లెక్క ఎప్పుడూ మన వైపే మొగ్గుతుంది. కలెక్షన్ పైసాతో సహా అప్పగించి, జీతం కోసం పెద్దమనుషుల దగ్గరకో, కార్మిక శాఖ దగ్గరకో వెళ్ళటమే క్షేమం. హిజ్రత్ రాత్రి దైవప్రవక్త (స) ప్రాణాలు తీయటానికి పొంచి ఉన్నది మక్కావారే. ఆ ఊరివారి అమానతులను తిరిగి అప్పగించటానికే ఆయన హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్ళారు.

అమానతు డబ్బు ఒక్కటే కాదు. లైను తిరిగిన డ్రైవరుకు ఏ ఊరికి ఏ దారి దగ్గరో, ఏ కొట్టు ఎప్పుడు తెరుస్తారో తెలుసు. అది అతని అనుభవం, అతని వెంటే వెళుతుంది, దాన్ని అమ్ముకోవచ్చు. కానీ ఏ కొట్టుకు ఏ ధర వేస్తారు, ఎవరి బాకీ ఎంత అన్న జాబితా ఓనరుది. కొత్త ఓనరు రెండు వేలు అదనంగా చూపి ఆ జాబితా ఫోనులో ఫొటో తీసుకురమ్మంటే, ఆ రెండు వేలు జీతం కాదు. పైగా ఈరోజు పాత ఓనరు గుట్టు కొనుక్కున్నవాడు రేపు మిమ్మల్ని నమ్ముతాడా?

కొత్త పనిలో మోసేది ఏ సరకో ముందే అడగండి. మద్యాన్ని మోసేవాడు కూడా శాపగ్రస్తుల్లో ఒకడని తిర్మిజీలోని హదీసు. చేరాక తెలిసిందని బాధపడటం కంటే చేరకముందు ఒక ప్రశ్న వేయటం తేలిక.

పై సోదరునికి నా జవాబు ఇదే: నెల పూర్తి చేయండి, అప్పు రాసి ఇవ్వండి, సలాం చెప్పి వెళ్ళండి. ఆయన ఇంకొక సంగతి కూడా అడిగారు. ఆ లారీకి వెనుక ఎడమ చక్రం బ్రేకు సరిగా పట్టదు. రిపేరుకు ఓనరు వాయిదాలు వేస్తున్నాడు, కొత్త డ్రైవరుకు చెప్పవద్దన్నాడట, చెబితే అతను రాడని భయం. ఓనరు రహస్యం దాచటం అమానతే కదా అన్నది ఆయన సందేహం. ధరల జాబితా దాచటం అమానతు. బ్రేకు సంగతి దాచటం హత్యకు తోడ్పడటం. లోపం దాచి సరకు అమ్మటమే నిషిద్ధమైనప్పుడు, లోపం దాచి ఒక మనిషిని బండెక్కించటం ఎలా ధర్మసమ్మతమవుతుంది? ఓనరు ఎదుటే, తాళంచెవి చేతికిచ్చేటప్పుడే ఆ మాట చెప్పాలి. కొత్త డ్రైవరు తెల్లవారుజామున నాలుగింటికి మొదటి లోడుతో బయలుదేరతాడు.